కీలెరిగి వాత

సముద్రం మధ్యలో మూడు వందలకు పైగా ఇళ్లు. ఒకదాని మీద ఒకటి, ఒకే చుక్కలో. మ్యాపును ఎంత పెద్దది చేసి చూసినా చుట్టూ నీలం తప్ప ఇంకేమీ లేదు. ఆఫ్రికాకు పడమటి వైపున గినీ సింధుశాఖలో, భూమధ్యరేఖను సున్నా రేఖాంశం కోసుకుంటూ పోయే చోటు అది. అక్షాంశం 0, రేఖాంశం 0. మ్యాపుల పనిలో ఉన్నవాళ్లు దానికి సరదాగా నల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. నిజానికి అక్కడ దీవి ఏదీ లేదు. సముద్రపు కొలతలు తీయడానికి లంగరు వేసిన బోయా ఒకటి ఉండేది, అంతే. ఆ ఇళ్లన్నీ అక్కడ కట్టించింది నేనే.

పెద్ద పట్టికలో ఉన్న చిరునామాలను ఒక్కొక్కటిగా ఒక మ్యాపు సర్వీసుకు పంపి, తిరిగి వచ్చిన జేసన్ జవాబులోంచి అక్షాంశ రేఖాంశాలు తీసి పట్టికలో రాసే ప్రోగ్రాము అది. ప్రతి విలువకూ 'కీ' అనే పేరు తగిలించి సమాచారం రాసే పద్ధతే జేసన్. రాత్రి మొదలుపెట్టి పడుకుందామనుకుంటే గంట తిరక్కుండానే ఆగిపోయింది. ప్రోగ్రాము రాసిన భాష పైథాన్, కీఎర్రర్ అనే తప్పు చూపించింది. అంటే నేను అడిగిన కీ ఆ జవాబులో లేదు. మళ్లీ మొదలుపెట్టాను. ఇంకో వంద చిరునామాలు దాటాక మళ్లీ ఆగింది. నిద్ర ముంచుకొస్తోంది. కీని నేరుగా అడిగే చోటల్లా గెట్ అనే ఆదేశం పెట్టి, కీ లేకపోతే సున్నా తీసుకోమన్నాను. తెల్లవారేదాకా ప్రోగ్రాము కిక్కురుమనకుండా పనిచేసింది. పొద్దున లేచి 'పూర్తయింది' అన్న వరస చూసుకుని పొంగిపోయాను కూడా.

మూడు వారాల తర్వాత, దూరాల లెక్కలు చూసే సహోద్యోగి ఒకరు వచ్చి అడిగారు. "ఈ ఇళ్లకు వెళ్లాలంటే వేల కిలోమీటర్లు అని వస్తోందండీ. నిజమేనా?"

ఆ రాత్రి ఆగిపోయిన ప్రతిసారీ ప్రోగ్రాము నాకు నిజమే చెప్పింది. దాని నోరు నేనే మూయించాను. అప్పటి నుంచి ఈ విషయంలో నాకు కొంత పట్టుదల ఏర్పడింది. చుట్టుపక్కల వాళ్లకు అది చాదస్తంగా కనిపిస్తుందని తెలుసు. అయినా చెబుతాను: జవాబులో కీ లేనప్పుడు మన వైపు నుంచి ఒక విలువ వేయడం మరమ్మతు పని అనిపించుకోదు. అది సాక్ష్యం చెప్పడం. సున్నా రాసినప్పుడు నేను 'ఈ ఇల్లు ఎక్కడుందో నాకు తెలియదు' అనలేదు. 'ఈ ఇల్లు సముద్రంలో ఉంది' అన్నాను. చూడనిదాన్ని చూశానని చెప్పాను.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. సామెతలో కీలు ఒంట్లోవి, మనవి జేసన్‌లోవి. అయినా వైద్యం ఒకటే. ఏ కీ ఎందుకు లేదో తెలుసుకోకుండా అన్నిటికీ ఒకే వాత పెడితే నొప్పి ఒకచోట, కాలిన మచ్చ మరోచోట.

ఈ చిక్కు సగం భాషది. తెలుగులో మనం 'లేదు' అంటాం, 'తెలియదు' అంటాం, 'చెప్పలేదు', 'అడగలేదు', 'వర్తించదు' అని కూడా అంటాం. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడితే వినేవాడు వెంటనే పట్టుకుంటాడు. ఇంట్లో మనిషి లేడని చెప్పడానికీ, ఉన్నాడో లేడో తెలియదని చెప్పడానికీ తేడా పసిపిల్లలకు కూడా తెలుసు. జేసన్‌కు ఉన్నవి రెండే మౌనాలు. కీ ఉండి దాని విలువ నల్ (అంటే 'ఏమీ లేదు' అనే గుర్తు) కావడం ఒకటి, అసలు కీయే లేకపోవడం రెండోది. ఈ రెండిట్లోకే పైవన్నీ ఇమడాలి. పోనీ ఏ మౌనానికి ఏ అర్థమో ప్రమాణ పత్రం చెబుతుందా అంటే, 2017 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259 జేసన్‌ను ఎలా రాయాలో చెబుతుంది గానీ, రాయనిదానికి అర్థమేమిటో చెప్పదు. అది ఆయా సర్వీసుల ఇష్టం. ఎవరి ఇష్టం వారిది.

ఈ రెండు మౌనాల తేడా వట్టి పండిత చర్చ అనుకునేవాళ్లకు 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7396 చూపిస్తాను. ఉన్న సమాచారాన్ని జేసన్‌తో సవరించే పద్ధతి అది. అందులో నల్ పంపితే 'ఈ కీని తీసెయ్యి' అని అర్థం. కీ పంపకపోతే 'ఉన్నది ఉన్నట్టే ఉండనీ' అని అర్థం. రెండూ ఒకటే అనుకుని రాసిన ప్రోగ్రాము, ముట్టుకోవద్దన్నదాన్ని చెరిపేస్తుంది.

మ్యాపుల లోకంలో ఈ విషయాన్ని పద్ధతిగా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. జియోజేసన్ ప్రమాణం, అంటే 2016 లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946, తీసుకోండి. దాని ప్రకారం ప్రతి ఫీచరులోనూ, అంటే మ్యాపు మీది ప్రతి వస్తువులోనూ, స్థానం చెప్పే జామెట్రీ అనే కీ ఉండి తీరాలి. ఆ వస్తువుకు స్థానం లేకపోతే విలువ నల్ అని రాయాలి. అంటే 'స్థానం లేకపోతే లేదని చెప్పు, చెప్పకుండా ఊరుకోకు' అని. ఇది నాకు ఎంతో నచ్చిన నియమం. ఆ వస్తువు వివరాలు చెప్పే ప్రాపర్టీస్ అనే కీ కూడా అంతే: తప్పనిసరిగా ఉండాలి, నల్ కావచ్చు. ఐడీ, సరిహద్దుల పెట్టె ఐచ్ఛికం. ఇక ఎత్తు సంగతి ఇంకో రకం. దానికి కీయే లేదు. రేఖాంశం, అక్షాంశం తర్వాత మూడో అంకెగా వస్తే వస్తుంది, లేకపోతే జాబితా రెండు అంకెలతో ముగుస్తుంది. కీ లేకపోవడం గురించి జాగ్రత్త పడ్డవాడు జాబితా పొట్టిదైపోవడం దగ్గర బోర్లా పడతాడు.

ప్రాపర్టీస్ నల్ కావచ్చన్న మాట దగ్గర కాస్త ఆగాలి. గెట్ మీద భరోసా పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది రెండో దెబ్బ తినేది ఇక్కడే. ప్రాపర్టీస్ కీ లేకపోతే ఖాళీ డిక్షనరీ (కీలూ విలువలూ పెట్టుకునే పైథాన్ పట్టీ) తీసుకో, అందులోంచి పేరు తీసుకో అని రాస్తారు. చూడటానికి అన్ని దారులూ మూసినట్టే ఉంటుంది. కానీ గెట్‌కు ఇచ్చిన డిఫాల్టు విలువ పనికివచ్చేది కీ లేనప్పుడు మాత్రమే. కీ ఉండి దానికి నల్ ఉంటే గెట్ ఆ నల్‌నే తెచ్చి చేతిలో పెడుతుంది. ఆ తర్వాతి అడుగులో ప్రోగ్రాము కూలుతుంది. దానికి మందుగా 'ఆర్' (లేదా) తగిలించి ఖాళీ డిక్షనరీ అంటారు. అది నల్‌ను మింగుతుంది, దాంతోపాటు ఖాళీ మాటనూ, సున్నానూ, 'కాదు' అనే విలువనూ అన్నిటినీ మింగుతుంది. ఒక్కో కంతకు ఒక్కో అతుకు వేస్తూ పోతే చివరికి మిగిలేవి అతుకులే.

జావాస్క్రిప్ట్ వాళ్లకు 2020 లో భాషలోకే ఒక సౌకర్యం వచ్చింది. ప్రశ్నార్థకం, చుక్క పెట్టి అడిగితే మధ్యలో ఏది లేకపోయినా కూలకుండా అన్‌డిఫైన్డ్ (విలువ లేదు) అని తిరిగి వస్తుంది. సౌకర్యం మంచిదే. కానీ దాంతో కట్టే ప్రశ్నార్థకాల తోరణాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫలితాల్లో మొదటిది, దానిలో జామెట్రీ, దానిలో లొకేషన్, దానిలో అక్షాంశం, ప్రతి గుమ్మానికీ ఒక ప్రశ్నార్థకం. చివర అన్‌డిఫైన్డ్ వచ్చింది. ఏ గుమ్మం దగ్గర ఆగిపోయాం? అసలు ఫలితాలే లేవా, ఫలితం ఉండి స్థానం లేదా, సర్వీసు మనల్ని తిప్పి పంపిందా? తోరణం చెప్పదు.

తిప్పి పంపడం అంటే గుర్తొచ్చింది. చాలామంది, నేను కూడా చాలాకాలం, జవాబుతో పాటు సర్వరు పంపే ఫలితపు సంకేతం, అంటే హెచ్‌టీటీపీ సంఖ్య, 200 అయితే జవాబు మంచిదే అనుకుంటాం. మ్యాపు సర్వీసుల్లో ఈ నమ్మకం పనికిరాదు. చిరునామాను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే గూగుల్ జియోకోడింగ్ సర్వీసుకు దానికి తెలియని చిరునామా పంపితే 200 తోనే జవాబు వస్తుంది. లోపల స్టేటస్ అన్న కీలో 'ఫలితాలు సున్నా' అనే మాట ఉంటుంది, ఫలితాల జాబితా ఖాళీగా ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు సమాచారం మీద నడిచే నామినాటిమ్ అనే సర్వీసును సముద్రం మధ్య బిందువుకు చిరునామా అడిగితే, చిరునామా కీయే లేకుండా ఎర్రర్ అనే కీ ఒక్కటి పెట్టి పంపుతుంది. అదే సమాచారాన్ని ప్రశ్నల రూపంలో ఇచ్చే ఓవర్‌పాస్ సర్వీసు మధ్యలో సమయం మించిపోతే, ఆ సంగతిని రిమార్క్ అనే కీలో రాసి 200 తోనే సాగనంపుతుంది. ఆ కీ మామూలు జవాబుల్లో ఉండదు. ఉందేమో అని వెతికినవాడికే కనిపిస్తుంది. కాబట్టి మనకు కావలసిన కీ లేదని వాపోయేముందు, మనం ఊహించని కీ ఏదైనా వచ్చి కూర్చుందేమో చూసుకోవాలి.

నామినాటిమ్ చిరునామాలో ఇంకో సంగతి ఉంది. సిటీ అనే కీ కోసం వెతికి, లేకపోతే ఖాళీ మాట వేసుకునే ప్రోగ్రాములు లెక్కలేనన్ని చూశాను. నగరంలో బిందువైతే సిటీ ఉంటుంది. పట్టణమైతే దాని బదులు టౌన్, పల్లె అయితే విలేజ్, ఇంకా చిన్నదైతే హ్యామ్లెట్, కొన్నిచోట్ల మునిసిపాలిటీ. సిటీ కీ లేదంటే ఆ స్థలానికి ఊరి పేరు లేదని కాదు, ఆ ఊరు నగరం కాదని. ఖాళీ మాట వేసినవాడి నివేదికలో పల్లెలన్నీ పేరులేనివైపోతాయి. సర్వీసు ఊరి పేరు చెప్పింది. మనం అడగాల్సిన తలుపు తట్టలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా ఆ కీలన్నీ చూసుకుంటూ పోవడం సరైన పనే. నేను ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఏ కీ దగ్గర పేరు దొరికిందో దాన్ని కూడా పక్కన రాసిపెట్టుకుంటాను. తర్వాత ఎవరైనా 'మీ నగరాల జాబితాలో ఈ పల్లె ఏమిటి' అని అడిగితే చెప్పడానికి ఉంటుంది.

అన్నట్టు అదే నామినాటిమ్ అక్షాంశ రేఖాంశాలను అంకెలుగా పంపదు, కొటేషన్ గుర్తుల మధ్య మాటలుగా పంపుతుంది. దానికీ ఈ వ్యాసానికీ సంబంధం తక్కువే గానీ, నా గంటలు చాలా తిన్నది కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను.

సున్నా ఎంత ప్రమాదకరమో బాగా తెలిసేది దూరాల పట్టికల్లో. పది చోట్ల నుంచి పది చోట్లకు దూరాలు అడుగుతాం. గూగుల్ వారి డిస్టెన్స్ మ్యాట్రిక్స్‌లో జవాబు మొత్తానికి ఒక స్టేటస్ ఉంటుంది, ప్రతి గడికీ విడిగా ఇంకో స్టేటస్ ఉంటుంది. పైది ఓకే అనే ఉంటుంది. లోపల ఒక గడిలో మాత్రం దారి లేదనో, స్థలం దొరకలేదనో ఉంటుంది. ఆ గడిలో దూరం, సమయం కీలు ఉండవు. అక్కడ సున్నా వేసుకున్నామనుకోండి. ఆ తర్వాత దగ్గరి నుంచి దూరానికి వరసపెట్టగానే ఎవరూ చేరుకోలేని చోటు జాబితాలో అందరికంటే ముందు నిలబడుతుంది! 'మీకు అతి దగ్గరలో ఉన్నది ఇదే' అని ప్రోగ్రాము గర్వంగా చూపిస్తుంది. మధ్యలో సముద్రం ఉంటుంది.

ఓఎస్‌ఆర్‌ఎం అనే స్వేచ్ఛా రూటింగ్ ప్రోగ్రాము ఇలాంటి చోట నల్ పెడుతుంది. ఎంతో మర్యాద. కానీ ఆ నల్ జావాస్క్రిప్ట్ చేతిలో పడితే మర్యాద పోతుంది. అక్కడ నల్‌ను అంకెతో పోలిస్తే భాష దాన్ని సున్నాగా తీసుకుంటుంది, నల్ ఐదు కంటే చిన్నదంటే అవునంటుంది. పైథాన్ మూడో రూపమైతే ఆ పోలికకు ఒప్పుకోదు, అక్కడే ఆగిపోతుంది. భాషల మధ్య పక్షపాతం చూపించకూడదంటారు. ఇక్కడ నేను చూపిస్తాను.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. అసలైన సున్నాను లేదనుకోవడం. 'అక్షాంశం ఉంటే' అని రాయబోయి 'అక్షాంశం సున్నా కాకపోతే' అని రాసేస్తాం, ఎందుకంటే పైథాన్‌కూ జావాస్క్రిప్ట్‌కూ సున్నా అంటే 'కాదు' అన్నట్టే. భూమధ్యరేఖ మీద నిలబడ్డవాడికి అక్షాంశం సున్నాయే. సముద్రమట్టంలో ఉన్న రేవుకు ఎత్తు సున్నాయే. అవి లోపాలు కావు, కొలతలు. గ్రీనిచ్‌లో ఉన్నవాళ్లకైతే కొంత ఊరట. అక్కడి పాత వేధశాలలో ఇత్తడి గీత మీద కాలు పెట్టి ఫోను చూసుకుంటే రేఖాంశం సున్నా రాదు. ఇప్పటి జీపీఎస్ లెక్కల ప్రకారం సున్నా రేఖాంశం ఆ గీతకు తూర్పుగా 102 మీటర్ల దూరంలో పోతుంది.

దీనికంటే వింత, సమాచారాన్ని కుదించి పంపే గూగుల్ పద్ధతి ప్రోటోబఫ్‌ది. మూడో రూపం ప్రోటోబఫ్‌లో, 'ఉందా లేదా' అన్నది విడిగా గుర్తుపెట్టుకోని అంకెల విలువ సున్నా అయితే, జేసన్‌గా మార్చేటప్పుడు మామూలుగా ఆ కీని వదిలేస్తారు. చోటు కలిసివస్తుందని. అలాంటి సర్వీసు భూమధ్యరేఖ మీది బిందువును పంపితే రేఖాంశం వస్తుంది, అక్షాంశం కీ రాదు. ఇక్కడ కీ లేకపోవడమే సున్నా! నేను ఇంతసేపూ తిట్టిన పనే ఇక్కడ సరైన పని. గో భాషలో ఇంకో రకం: జవాబులో కీ లేకపోయినా స్ట్రక్చరులోని (విలువలు పెట్టుకునే చట్రంలోని) అంకె చప్పుడు చేయకుండా సున్నాగానే ఉండిపోతుంది, నల్ ఐలాండ్‌కు టిక్కెట్టు ఉచితం. విలువ లేనప్పుడు ఖాళీగా ఉండగలిగే పాయింటరు పెట్టుకుంటే తప్ప తేడా తెలియదు.

కాబట్టి డిఫాల్టు విలువ ఎప్పుడూ తప్పేనని నేను అనను. సర్వీసు తన పత్రాల్లో 'ఈ కీ లేకపోతే ఇదీ అర్థం' అని చెప్పి ఉంటే ఆ విలువ వేసుకోవడం మన హక్కు. గూగుల్ జియోకోడింగ్‌లో 'పాక్షికంగానే సరిపోయింది' అని చెప్పే కీ సరిపోనప్పుడే కనిపిస్తుంది. అది లేకపోతే కాదు అని రాసుకోవచ్చు. ఆర్క్‌జీఐఎస్ అనే మ్యాపు సర్వీసుల్లో 'పరిమితి మించింది, ఇంకా సమాచారం మిగిలి ఉంది' అనే కీ కూడా అలాంటిదే. కొన్నిచోట్ల కీ లేకపోవడం పెద్ద వార్త. గూగుల్ ప్లేసెస్‌లో ఒక చోటు తెరిచి ఉండే వేళలు అడిగితే, ప్రతి రోజుకూ తెరిచే సమయం, మూసే సమయం వస్తాయి. రాత్రింబవళ్లు తెరిచి ఉండే చోటుకు మాత్రం మూసే సమయం కీ ఉండదు. ఎప్పుడూ మూయరు కాబట్టి లేదు. అక్కడ డిఫాల్టుగా సున్నా గంటలు వేస్తే, తెరవడం సున్నా గంటలకు, మూయడం సున్నా గంటలకు. అర్ధరాత్రి కూడా తలుపు తెరిచి ఉండే చోటును మనం శాశ్వతంగా మూసేసినట్టు. అలాగే వాహనం నడిచిన బిందువులను రోడ్డు మీదికి సర్దే సర్వీసులో, మనం పంపిన బిందువులకు వాటి వరస సంఖ్య తిరిగి వస్తుంది, మధ్యలో సర్వీసు తానే పూరించిన బిందువులకు రాదు. డిఫాల్టు సున్నా వేస్తే పూరించినవన్నీ వెళ్లి మొదటి బిందువు మెడకు చుట్టుకుంటాయి.

వ్యాకరణంలో లోపం అంటే తప్పు అని అర్థం కాదు, కనబడకుండా పోవడం. పోయిన అక్షరం ఏదో, ఏ సూత్రం వల్ల పోయిందో చెప్పగలిగినవాడికే సంధి విడదీయడం వస్తుంది. నాకు జేసన్ చదవడం కూడా అలాగే అనిపిస్తుంది.

లేనిదాని బదులు ఒక విలువ వేసుకునే అలవాటు జేసన్‌తో పుట్టింది కాదు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఒకటి 11 రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. కొండల నీడ పడి కొలత అందని చోట్ల -32768 అని రాశారు. దాన్ని గుర్తుగా కాక ఎత్తుగా చదివిన ప్రోగ్రాములకు కొండల మధ్య పాతాళాలు కనిపించాయి. అయినా అది నయం. అంత అసంభవమైన అంకె ఎక్కడున్నా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నిజంలా కనిపించే డిఫాల్టు ఎంత కీడు చేస్తుందో 2016 లో బయటపడ్డ కాన్సస్ ఉదంతం చెబుతుంది. ఐపీ చిరునామాలను (ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు ఉండే నంబర్లను) స్థలాలతో జతచేసే ఒక సంస్థ, అమెరికాలో ఉందని తప్ప ఇంకేమీ తెలియని చిరునామాలన్నిటికీ దేశం నడిబొడ్డున ఒక బిందువు ఇచ్చింది: 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పడమటి రేఖాంశం. గుండ్రటి అంకెలు, గుర్తుపెట్టుకోవడానికి వీలు. అక్కడొక పొలం, ఇల్లు ఉన్నాయి. 60 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు ఆ ఇంటి మీద పడ్డాయి. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోవాళ్ల తలుపు పోలీసులు తట్టారు, పన్ను అధికారులు తట్టారు, ఎక్కడో ఎవరో మోసం చేస్తే మోసపోయినవాళ్లు వచ్చి తట్టారు. సంగతి బయటపడ్డాక సంస్థ ఆ బిందువును ఒక జలాశయంలోకి జరిపింది. 'దేశం తెలుసు, అంతకుమించి తెలియదు' అని చెప్పడానికి గడి ఉండి ఉంటే ఆ ఇంటి తలుపు అంతమంది తట్టేవాళ్లు కాదు.

నాతో వాదించేవాళ్లు చెప్పే మాట నాకు తెలుసు. 'ఒక్క కీ లేదని రాత్రంతా నడవాల్సిన పని ఆగిపోవాలా? గట్టి ప్రోగ్రాము అంటే ఏది వచ్చినా తట్టుకునేది కదా?' ఈ వాదనకు పెద్ద వంశమే ఉంది. 1980 లో, ఇంటర్నెట్‌లో సమాచారం చేరవేసే టీసీపీ పద్ధతి ప్రమాణ పత్రంలో జాన్ పోస్టెల్ రాసిన సూత్రం ఇదే: పంపేటప్పుడు కట్టుగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు. కానీ ఆ ఉదారత కాలక్రమంలో తప్పులను ప్రమాణాలుగా మార్చేస్తుందని 2023 లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 వాదించింది. నేను రెండో పక్షం, కానీ ఒక మెలికతో. పని ఆగకూడదన్న మాట నాకూ సమ్మతమే. ఆగాల్సింది ఆ ఒక్క వరస మాత్రమే. దాన్ని తీసి పక్కన పెట్టి మిగతావాటితో ముందుకు పోవాలి. పక్కన పెట్టేటప్పుడు సర్వీసు పంపిన జవాబును ముక్క కూడా తీసేయకుండా దాచాలి. పొద్దున మనిషి చూసుకుంటాడు. ఆగడం, అబద్ధం చెప్పడం అనే రెండు దారులే ఉన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ మూడో దారిని ఎందుకో మరిచిపోతారు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి పెద్ద గొప్పదేమీ కాదు. జేసన్‌ను ముట్టుకునే చోటు ప్రోగ్రాములో ఒక్కటే ఉంటుంది. అక్కడే జవాబును విప్పి, నా సొంత స్ట్రక్చరులోకి మార్చుకుంటాను. ఆ గుమ్మం దాటాక లోపల ఎక్కడా గెట్ కనిపించకూడదు. గుమ్మం దగ్గర మొదట స్టేటస్, ఎర్రర్, రిమార్క్ లాంటివి చూస్తాను. తర్వాత తప్పనిసరి కీలు. అవి లేకపోతే ఆ వరస పక్కకు. ఐచ్ఛికమైనవి లేకపోతే, లేకపోవడానికి అర్థమేమిటో పక్కనే ఒక వాక్యం రాసి ఉంటుంది. వాక్యం రాయలేకపోతే నాకు అర్థం తెలియదన్నమాట, కాబట్టి డిఫాల్టు వేసే హక్కు లేదు. బయటికి వచ్చే ఫలితం 'దొరికింది', 'వెతికితే దొరకలేదు', 'సర్వీసు జవాబివ్వలేదు', 'జవాబు నాకు అర్థం కాలేదు' అనే నాలుగింటిలో ఏదో ఒకటి అవుతుంది. నాలుగోదే నాకు ముఖ్యం. అది సిగ్గుపడాల్సింది కాదు.

ఇంకో అలవాటు: ఏ కీ ఎన్నిసార్లు లేకుండా వచ్చిందో రోజూ లెక్కపెట్టడం. ఒకసారి ఒక సర్వీసు కొత్త రూపానికి మారినప్పుడు ఒక కీ పేరు మార్చింది. మా ప్రోగ్రాములో అది ఐచ్ఛికం కాబట్టి ఏదీ కూలలేదు, ఎవరూ గమనించలేదు. ఎప్పుడో వందకు రెండు మూడు చోట్ల లేకుండా వచ్చేది కాస్తా వందకు వంద చోట్ల లేకుండా పోయింది. అంకె రాసుకుంటూ ఉన్నాం కాబట్టి మర్నాడే తెలిసింది. అంతకుముందు నాలాగా అయితే ఏడాది పట్టేది.

సముద్రంలో ఇళ్ల సంగతి మధ్యలో వదిలేశాను. వాటన్నిటినీ కొత్త పద్ధతిలో మళ్లీ అడిగి చూశాను. నేననుకున్నట్టు అవన్నీ దొరకని చిరునామాలు కానే కావు. సగానికి పైగా సర్వీసు నన్ను తిప్పి పంపినవి. నా ప్రోగ్రాము మరీ వేగంగా అడుగుతోందని, కాసేపు ఆగమని జవాబులోనే రాసి పంపింది. ఆ జవాబులో ఫలితాల కీ లేదు, నేను సున్నా వేసుకున్నాను. నిదానంగా మళ్లీ అడిగితే ఆ ఇళ్లన్నీ చక్కగా దొరికాయి. నామినాటిమ్ ఉచిత సర్వరు నియమాల్లో సెకనుకు ఒక్క ప్రశ్నే అని ఎందుకు రాసుకున్నారో అప్పుడు తలకెక్కింది. ఇంకొన్ని నిజంగానే దొరకనివి. వాటి ఎదుట 'వెతికితే దొరకలేదు' అని రాశాను.

అంతా సర్దుకుందనుకుని మ్యాపు తెరిచాను. సముద్రం ఖాళీగా ఉంది. కానీ ఇదివరకు ఎప్పుడూ పట్టించుకోని చోట, ఇటలీ ఉత్తర భాగంలో, పదకొండు ఇళ్లు ఒకే చుక్కలో ఉన్నాయి. ఇవి మొదటి రోజు నుంచీ 'దొరికినవి' గానే ఉన్నాయి, ఒక్క కీ కూడా తక్కువ లేకుండా. మా పట్టిక తెరిచి చూస్తే ఆ పదకొండు వరసల్లోనూ చిరునామా గడి ఖాళీ. ఖాళీ గడిని పైథాన్ 'నన్' అంటుంది. నా ప్రోగ్రాము దాన్ని మాటగా మార్చి, చిరునామా అనుకుని సర్వీసుకు పంపింది. టూరిన్ నగరానికి దగ్గరలో నోనె అనే చిన్న ఊరు ఒకటి ఉందట. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ రెండు మాటలూ ఒకటే.